కడియం నుంచి తెచ్చిన అశోకం అశోకం కాదండి

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు కొత్తిల్లు కట్టుకున్నాక గేటుకి అటొకటి ఇటొకటి అశోక చెట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టి నన్ను వెంటేసుకుని కడియం దగ్గర నర్సరీల ఊరు కడియపులంక బయల్దేరారు. ఎండ మాడిపోతోంది, నర్సరీలో గ్రీన్ నెట్ కింద ఆడవాళ్లు కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నారు, అక్కడున్న కుర్రాడిని రెండు అశోక మొక్కలు కావాలయ్యా అని అడిగితే వాడు "ఏ అశోకండి, పొడుగుదా పూలదా?" అన్నాడు. "అశోకంలో రెండు రకాలుంటాయా అల్లుడుగారూ?" అని అత్తయ్య నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే వాడే "రకాలు కాదండి, అసలు రెండూ వేరే సెట్లండి, ఆయ్" అనేసి నీళ్ల పైపు పట్టుకుని అటు వెళ్లిపోయాడు.

వాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మనం అందం కోసం పెంచుకునే చెట్ల దగ్గర చిక్కంతా పేర్లలోనే ఉంది. ఒక్కో పేరుకి రెండు మూడు చెట్లు, ఒక్కో చెట్టుకి మూడు నాలుగు పేర్లు, అందులో ఒకటి పూజ పుస్తకంలోది, ఒకటి నర్సరీ వాళ్లది, ఒకటి అమ్మమ్మ నోట్లోది. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ మందు, విషం, కలప, నీడ ఇవన్నీ చెట్టులో ఉంటాయి, పేరులో ఉండవు, అందుకే పేరు నమ్ముకుని చెట్టు తెచ్చుకుంటే ఒక్కోసారి డబ్బులు పోతాయి, ఒక్కోసారి అంతకంటే పెద్దదే పోతుంది.

అశోకంతోనే మొదలెడదాం. గేట్ల దగ్గర, కాలేజీల్లో, ఫంక్షన్ హాళ్ల ముందు కాపలా జవాన్లలా సన్నగా నిటారుగా నిలబడి, అంచులు అలల్లా ఉండే ఆకులు కిందికి వేలాడేసుకుని ఉంటుంది చూశారా, అదీ అందరం అశోక అనే చెట్టు. దాని అసలు తెలుగు పేరు నరమామిడి. శాస్త్రవేత్తలు చాలాకాలం పాలీయాల్తియా లాంగిఫోలియా అన్నారు, ఈమధ్య మొనూన్ అని మార్చారు. ఇది సీతాఫలం కుటుంబం. అంటే సీతమ్మ కూర్చున్న చెట్టు కాదు గానీ సీతాఫలానికి మాత్రం దగ్గర చుట్టం. పూలు పూస్తుంది, లేతాకుపచ్చ రంగులో నక్షత్రాల్లా, ఆకుల్లో కలిసిపోయి ఎవరి కంటా పడవు. తర్వాత నల్లటి కాయలు వస్తాయి, వాటి కోసం రాత్రిళ్లు గబ్బిలాలు దిగుతాయి, పొద్దున్నే కారు మీద గింజలు చూసి ఎవరిని తిట్టాలో తెలియక చెట్టునే తిడతాం.

అసలు అశోకం సరాకా అశోక. అది చింత చెట్టు వైపు బంధువు. పొడుగ్గా పెరగదు, గుబురుగా, గుండ్రంగా ఉంటుంది. మాఘం ఫాల్గుణం నాటికి ముదురు కొమ్మల మీదే, ఒక్కోచోట మొద్దుకే అతుక్కుని, నారింజ రంగు గుత్తులు వస్తాయి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. చిత్రం ఏంటంటే ఆ పూలకి రేకులే లేవు, మనం రేకులనుకునేది పూవు కింద ఉండే రక్షక పత్రాలే, అవే రంగు పులుముకుని కూర్చుంటాయి. కొత్త చిగుళ్లు రాగి రంగులో నీరసంగా వేలాడుతుంటాయి, తెలియనివాళ్లు మొక్క చచ్చిపోతోందేమో అని బిందెల కొద్దీ నీళ్లు పోస్తారు.

ఈ రెండూ కలగాపులగం అయిపోవడం వల్ల అసలు నష్టం మందుల దగ్గర వచ్చింది. ఆయుర్వేదంలో ఆడవాళ్ల నెలసరి బాధలకి వాడే అశోకారిష్టం తయారయ్యేది సరాకా బెరడుతో. ఆ చెట్టు అడవుల్లో తగ్గిపోయింది, ప్రపంచ స్థాయి ప్రమాద జాబితాలో కూడా చేరింది, బెరడేమో గిరాకీ ఉన్న సరుకు, ఇంకేముంది, నరమామిడి బెరడు అశోకం పేరుతో బజార్లోకి వచ్చేసింది. ఇది ఊరికే అనుమానంగా అంటున్నది కాదు, మూలికల కల్తీ గురించి రాసే ప్రతివాళ్లూ మొదట చెప్పే ఉదాహరణల్లో ఇదొకటి. కాబట్టి గేటు దగ్గర అశోకం బెరడు గీకి కషాయం కాచుకోమని ఏ వీడియోలోనో చెబితే దయచేసి ఆ పని చేయకండి.

అలాగని నరమామిడి పనికిమాలినదేం కాదు. కర్ర తేలిగ్గా, నిటారుగా ఉంటుంది, ఒకప్పుడు ఓడల తెరచాప స్తంభాలకి వాడేవాళ్లని దీనికి ఇంగ్లీషులో ఆ పేరే పెట్టారు. పెన్సిళ్లకీ అగ్గిపుల్లలకీ కూడా పనికొస్తుంది. మన దగ్గరైతే పెళ్లి పందిరికి కావలసిన పచ్చదనమంతా దీనిదే, కోసినా తొందరగా వాడని ఆకు కాబట్టి డెకరేషన్ వాళ్లకి ఇది లేకపోతే చెయ్యి ఆడదు.

దీనికి ఇంకో దొంగపేరు కూడా ఉందండోయ్. వినాయక చవితికి రాజమండ్రి మార్కెట్లో పత్రి కట్ట కొంటాం కదా, ఇరవయ్యొక్క పత్రాల్లో దేవదారు ఒకటి. అసలు దేవదారు హిమాలయాల్లో చలిలో పెరిగేది, దానికి సూదుల్లాంటి ఆకులు, గోదావరి ఒడ్డున బతికే చెట్టే కాదు. మరి ఆ కట్టలో ఉండేది ఏంటి అని విప్పి చూడండి, పొడుగ్గా, అంచులు మెలికలు తిరిగి, అవును, మన గేటు దగ్గరదే. నరమామిడిని తెలుగులో దేవదారు అని కూడా పిలుస్తారు. ఒకే చెట్టు మార్చిలో అశోకం, భాద్రపదంలో దేవదారు.

అదే కట్టలో కరవీర పత్రం కూడా ఉంటుంది, అంటే గన్నేరు. అశోకంలో పొరపాటు పడితే మహా అయితే మందు పనిచెయ్యదు, గన్నేరులో పొరపాటు పడితే అలా ఉండదు, అందుకే దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

గన్నేరు అనే మాట తగిలించుకున్నవి మన ఊళ్లలో కనీసం నాలుగున్నాయి. ఒట్టి గన్నేరు, ఎర్ర, గులాబీ, తెల్ల పూలది, నేషనల్ హైవే మీద రావులపాలెం వైపు వెళ్తుంటే రోడ్డు మధ్యలో డివైడర్ల మీద కనబడేది ఎక్కువగా ఇదే. దాన్నే ఎందుకు పెడతారంటే ఎండకి తట్టుకుంటుంది, పొగకి తట్టుకుంటుంది, అన్నిటికంటే ముఖ్యం పశువులు దాని జోలికి రావు. ఎందుకు రావు అంటే ఆకు నుంచి వేరు దాకా విషం కాబట్టి. రెండోది పచ్చగన్నేరు, పసుపు గంటల్లాంటి పూలు, కాయ పచ్చగా నాలుగు మూలలతో ఉంటుంది, లోపల గట్టి గింజ. ఇది మెక్సికో వైపు నుంచి వచ్చింది, కానీ శివుడి పూజకి ఎంతగా అలవాటైపోయిందంటే మన పెరటి మొక్క కాదు అంటే ఎవరూ నమ్మరు. దీని గింజ మొదటిదానికంటే ఇంకా ప్రమాదం. రెంటిలోనూ ఉండే విషం గుండె మీద పనిచేస్తుంది, కొట్టుకునే లయ తప్పిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు ఉంటే కాయలు రాలకముందే కోసి పారేయండి, పిల్లాడు కొరికాడని అనుమానం వచ్చినా చింతపండు నీళ్లు, ఉప్పు నీళ్లు అని టైం వేస్ట్ చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి.

మూడోది దేవగన్నేరు. గుడి ఆవరణలో లావు కొమ్మలతో, చలికాలంలో ఆకంతా రాల్చేసి ఏనుగు తొండాల్లా కనిపిస్తుంది, తెల్లటి పువ్వు మధ్యలో పసుపు. కొమ్మ విరిచి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి గుచ్చితే బతికేస్తుంది, అందుకే ప్రతి గుళ్లోనూ ఉంది. ఇది కూడా అమెరికా ఖండానిదే, కుటుంబం గన్నేరుదే, కానీ పై రెంటిలాగా ప్రాణం తీసే రకం కాదు, పాలు మాత్రం చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే ఇంకా మంట.

నాలుగోది నిద్రగన్నేరు, దీనికి గన్నేరుతో ఏ సంబంధమూ లేదు. ఇది చిక్కుడు జాతి. అత్తిపత్తికి, సీమచింతకి చుట్టం, సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది, ఆకు తొడిమ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోట నీళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సర్దుకోవడం వల్ల ఆ కదలిక. ముడుచుకున్నప్పుడు వాన చినుకు నేరుగా నేల మీద పడుతుంది, పైగా పప్పు జాతి చెట్టు కాబట్టి వేళ్లలో నత్రజని పట్టి పెడుతుంది, అందుకే మిగతా చెట్ల కింద గడ్డి చస్తే దీని కింద గడ్డి ఏపుగా ఉంటుంది. నల్లటి కాయలు తియ్యగా బెల్లంలా ఉంటాయి, ఆవులు, మేకలు ఏరుకుని మరీ తింటాయి. చూడండి, అదే గన్నేరు అనే పేరు, ఒకటి పశువుని చంపుతుంది, ఒకటి పశువుని మేపుతుంది.

నిద్రగన్నేరు అనగానే మా వైపు వాళ్లకి కుమారదేవం గుర్తొస్తుంది. కొవ్వూరు దగ్గర గోదావరి గట్టు మీద, సినిమా చెట్టు అని పేరు, వందల సినిమాల్లో ఆ నీడ కనిపించింది, హీరో హీరోయిన్లు మారారు గానీ చెట్టు మారలేదు. దాదాపు 150 ఏళ్ల చెట్టు, 2024 ఆగస్టులో వరద రోజుల్లో కూలిపోయింది. అప్పుడు జనం వెళ్లి ఇంటి మనిషి పోయినట్టు చూసి వచ్చారు. తర్వాత దాన్ని బతికించాలని ప్రయత్నాలు చేస్తే మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు అది, ఎవరికీ పరాయిదనిపించలేదు, అదీ సంగతి.

పరాయి చెట్టు అంటే గుర్తొచ్చింది, నాగమల్లి. శివాలయాల్లో పెద్ద మొద్దు చుట్టూ తీగల్లాంటి కొమ్మలు వేలాడుతూ, గులాబీ రంగు కండగల పువ్వులు, లోపల చిన్న లింగం మీద పాము పడగ పట్టినట్టు ఉంటుంది, నాగలింగం అని, మల్లికార్జున పుష్పం అని రకరకాలుగా పిలుస్తారు. పువ్వు చూస్తే శివుడే డిజైన్ చేసుకున్నాడా అనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలో గయానా అడవులు, 1775లో ఆబ్లే అనే ఫ్రెంచి ఆయన దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అమెరికాకీ మనకీ ఓడల రాకపోకలు మొదలవ్వకముందు ఇది ఇక్కడ ఉండే వీలే లేదు, అందుకని ఈ చెట్టు వెయ్యేళ్ల కిందటిది అని ఏ గుళ్లోనైనా చెబితే వినండి, దండం పెట్టుకోండి, లెక్క మాత్రం వెయ్యకండి. ఇంకో విషయం, కాయ ఫిరంగి గుండు అంత ఉంటుంది, బరువు కూడా అలాగే, పగిలితే కంపు. చెట్టు కింద బెంచీ వేసే దేవస్థానాల ధైర్యానికి మెచ్చుకోవాలి.

ఇక్కడ కూడా పేరు చిక్కు ఉంది. పాత వైద్యంలో నాగమల్లి అంటే తామర మచ్చలకి ఆకు నూరి రాసే చిన్న మొక్క, తెల్లటి పూలు, నడుమెత్తు దాటదు. నాగకేసరం అంటే ఇంకోటి, ఇనుము లాంటి కలప ఉన్న మన దేశపు చెట్టు, మధ్యలో పసుపు కేసరాలతో తెల్లటి పూలు. ఈ మూడిట్లో ఏది అడుగుతున్నారో ముందే చెప్పకపోతే కొట్టువాడు తనకి దొరికింది ఇస్తాడు.

సంస్కృతం పేరు ఒకటి, తెలుగు పేరు ఒకటి అవ్వడం వల్ల వచ్చే తంటా వేరు. పూజలో వకుళ పుష్పం అని చదువుతారు, అది ఎక్కడ దొరుకుతుందో అని జనం గూగుల్లో వెతుకుతుంటారు, పొరుగింటి గోడ పక్కన పొగడ చెట్టు రాల్చిన పూలు తొక్కుకుంటూ మరీ వెతుకుతారు. వకుళ అన్నా పొగడ అన్నా ఒకటే. తిరుమల వకుళమాత పేరు ఈ పువ్వుదే. కదంబం అంటే కడిమి, ఆరగ్వధం అంటే రేల, పున్నాగ అంటే పొన్న. పొగడ గురించి ఒక్క మాట చెప్పాలి, పువ్వు చిన్నది, చక్రంలా ఉంటుంది, పొద్దున్నే రాలుతుంది, దారానికి గుచ్చితే ఎండిపోయి గోధుమ రంగుకి తిరిగినా వాసన పోదు. మా నాయనమ్మ పెట్టెలో పట్టుచీరల మధ్య ఎప్పటివో పొగడ దండలుండేవి, పెట్టె తీస్తే ఆవిడ వచ్చినట్టే. ఇప్పుడు సిటీల్లో రోడ్ల పక్క నీడకి పొగడ వేస్తున్నారు, మంచి పనే, ఏడాది పొడుగునా ఆకుంటుంది, దట్టంగా ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది అన్నదొక్కటే కంప్లైంట్.

పొన్న దగ్గర మాత్రం నేను పక్షపాతిని. మెరిసే మందపాటి ఆకు, తెల్లటి పూలు, మధ్యలో బంగారు కేసరాలు, వాసన సన్నగా. గోపికల చీరలు ఎత్తుకెళ్లిన కృష్ణుడు ఎక్కింది పొన్న చెట్టు అని మనవాళ్లు చెప్పుకుంటారు, వైష్ణవ ఆలయాల్లో పొన్న వాహనం అందుకే. ఇది సముద్రపు చెట్టు. ఉప్పు గాలి, ఇసుక, ఈదురు గాలి ఏదీ లెక్కచెయ్యదు, కాయ నీళ్ల మీద తేలుకుంటూ వెళ్లి ఇంకో ఒడ్డున మొలుస్తుంది. కర్ర పడవల పనికి వచ్చేది, గోళీల్లాంటి కాయలు ఎండబెట్టి గానుగాడితే ముదురాకుపచ్చ నూనె వచ్చేది, దీపాలకీ, పడవ చెక్కలకి పూతకీ, కీళ్ల నొప్పులకి పైన రాసుకోవడానికీ. తినే నూనె కాదు. కరెంటు వచ్చాక దీపం పోయింది, ఫైబర్ పడవలు వచ్చాక ఆ పూతా పోయింది. ఇప్పుడు అదే నూనె "తమను" ఆయిల్ అని తాహితీ దీవుల పేరుతో చిన్న చిన్న గాజు సీసాల్లో ముఖానికి రాసుకునే సరుకుగా ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, రేటు చూసి నాకు పొన్నకాయలు తొక్కుకుంటూ తిరిగిన చిన్నప్పటి కాళ్ల మీద గౌరవం పెరిగింది.

పొన్నకి తోడు గంగరావి. ఆకు రావాకులాగే హృదయం ఆకారంలో, కాలవ గట్ల మీద, రేవుల దగ్గర ఉంటుంది కాబట్టి గంగ. కానీ రావికి దీనికి పొత్తే లేదు, ఇది మందారం, పత్తి కుటుంబం. పువ్వు పొద్దున పసుపు, సాయంత్రానికి ఎరుపు తిరిగిన ఊదా, రాలిన పూలు విడిచిన ముద్ద మందారాల్లా పడుంటాయి. కర్ర నీళ్లకి చెడదు, బండి చక్రాలకీ వ్యవసాయ పనిముట్లకీ వాడేవాళ్లు, మేమైతే ఆకు చుట్టి బూర చేసి ఊదేవాళ్లం, ఆ పీక మోతకి వీధిలో ఎవరో ఒకరు కర్ర పట్టుకుని వచ్చేవారు. పేరులో రావి ఉంది కదా గోడలు పగలగొడుతుందేమో అని భయపడి నరికించినవాళ్లని చూశాను. గోడల్లో వేరు దూర్చేది అసలు రావి, మర్రి జాతి. గంగరావి కాదు.

తురాయి దగ్గరికొస్తే చిక్కు కొంచెం తక్కువే గానీ ఉంది. మే నెలలో ఎర్రగా మండేది మడగాస్కర్ నుంచి వచ్చిన గుల్‌మొహర్, 1820లలో బోజెర్ అనే ఆయన దాన్ని బయటి ప్రపంచానికి చూపించాడు. సీమ సంకేసుల అని కూడా అంటారు. ఈ సీమ అనే మాట గమనించారా, సీమ చింత, సీమ తంగేడు, సీమ సంకేసుల, ఓడ దిగి వచ్చిన ప్రతిదానికీ మన పెద్దవాళ్లు ఒక ముద్ర కొట్టి మరీ ఊళ్లోకి రానిచ్చారు. మరి సీమ కాని ఒట్టి సంకేసుల ఏది అంటే, తెల్లగా పూసి పసుపుకి తిరిగే దాని తోబుట్టువు, వాతనారాయణ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, ఆకు ఉడికించి వాతం నొప్పులకి కాపడం పెడతారు. ఆ పని ఎర్ర తురాయి ఆకుతో చేస్తే ఫలితం ఆశించకండి. పసుపు పూలు నిలువు గుత్తులుగా వచ్చేది పచ్చ తురాయి, అది మూడో చెట్టు, దాని బెరడుతో జావా దీవిలో బాతిక్ బట్టలకి గోధుమ రంగు వేసేవాళ్లు. ఎర్ర తురాయి వల్ల మనకున్న అసలు ఉపయోగం ఏంటంటే కోడిపందాలు. నవ్వకండి, మొగ్గ విప్పి లోపలి కేసరాలు తీసి, వాటి తలకాయలు ఒకదానికొకటి తగిలించి లాగితే ఎవరి తల తెగితే వాడు ఓడినట్టు. సంక్రాంతికి పెద్దవాళ్లవి, ఎండాకాలం సెలవుల్లో మావి.

కానుగని అందమైన చెట్టు అంటే ఒప్పుకోనివాళ్లుంటారు, లేత ఊదా పూలు నేల మీద తివాచీలా పరుచుకున్నప్పుడు వాళ్లు చూడలేదేమో. వరి చేను దమ్ము చేసేటప్పుడు కానుగ రొట్ట కోసి చేలో తొక్కించేవాళ్లు, జీలుగ, పిల్లిపెసర విత్తనం కొనకుండానే పచ్చిరొట్ట ఎరువు దొరికేది. నూనె దీపానికి, నూనె తీశాక మిగిలిన చెక్క పొలానికి, పుల్ల పళ్లు తోముకోవడానికి. గట్ల మీద గులాబీ పూలు పూసే గిరిపుష్పం కూడా ఈ పనే చేస్తుంది, అది ఎలుకల మందుకి కూడా పేరుపడ్డది, దాని ఇంగ్లీషు పేరుకి లాటిన్లో అర్థమే ఎలుకల్ని చంపేది అని.

బాదం సంగతి ఒక్క ముక్కలో. మన వీధి బాదం, డ్రైఫ్రూట్ షాపు బాదం రెండూ వేరు, ఒకటి మద్ది చెట్టు జాతి, రెండోది చలిదేశపు పీచ్ పండు బంధువు. మన బాదం ఆకులు పుల్లలతో కుట్టి విస్తర్లు చేసేవాళ్లు, పొట్టిక్కలకి, అంటే పనసాకు బుట్టలో ఉడికించే ఇడ్లీలకి, పనసాకు ఎలాగో టిఫిన్‌కి బాదం ఆకు అలాగ. ఎండిన ఆకు ఇప్పుడు అక్వేరియం చేపల కోసం ప్యాకెట్లలో అమ్ముతున్నారు, నీటిలోకి టానిన్ అనే వగరు పదార్థం దిగి కొన్ని రకాల చేపలకి నప్పుతుందట. మనం ఊడ్చి తగలబెడతాం.

ఇన్ని చెప్పాక, ఇంటి ముందు ఏది వెయ్యాలి అన్న ప్రశ్న మిగులుతుంది, అక్కడ మన నేల సంగతి చూడాలి. డెల్టాలో ఒండ్రు మట్టి, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, కాలవల ఊట వల్ల చాలా చోట్ల రెండు మూడు బారలు తవ్వితే నీళ్లు. చెట్టు బద్ధకస్తురాలు, పైనే నీళ్లు దొరికితే వేరు కిందకి ఎందుకు పంపుతుంది, పక్కలకి పరుస్తుంది. 1996 నవంబర్ 6న వచ్చిన తుఫానులో కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు పోయాయి, గాలికి అలవాటైన కొబ్బరికే ఆ గతి పడితే పైపైన వేరుండి, పెళుసు కొమ్మలుండే తురాయి, ఆకాశమల్లి లాంటివి ఇంటి మీదకి వాలేలా వెయ్యడం కోరి తెచ్చుకోవడమే. ఖాళీ స్థలంలో వేసుకోండి, కరెంటు తీగకి దూరంగా. ఇంటి పక్కన అయితే పొన్న, పొగడ, కానుగ. సముద్రానికి దగ్గరైతే పొన్న, గంగరావి తప్ప ఇంకోటి అడగకండి నన్ను.

నర్సరీలో ఇంకో మోసం, మోసం అనకూడదేమో, వ్యాపారం అందాం, పెద్ద చెట్టు కావాలని అందరూ ఎగబడటం. పది పదిహేను అడుగుల చెట్టుని డ్రమ్ములో పెట్టి ఇస్తారు, లారీ ఎక్కేటప్పుడు రాజాలా ఉంటుంది. కానీ అన్నేళ్లు డబ్బాలో ఉన్న వేరు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటుంది, నేలలో పెట్టాక కూడా ఆ చుట్టు విడదు, పైన కొమ్మలు పెరుగుతాయి, కింద పట్టు ఉండదు, మొదటి పెద్ద గాలికి డ్రమ్ము ఆకారంలోనే పెకలించుకుని పడుతుంది. చిన్న మొక్కే తీసుకోండి, కవరు విప్పి చూడండి, వేళ్లు పాములు చుట్టుకున్నట్టుంటే చుట్లు కత్తిరించి పెట్టండి. మూడేళ్లలో చిన్నది పెద్దదాన్ని దాటేస్తుంది, నేను రెండిటినీ పక్కపక్కన వేసి చూశాను.

కోనోకార్పస్ చెట్టు గురించి అడక్కుండా ఎవరూ వదలరు కాబట్టి, అదీ చెప్పేస్తా. తెలంగాణలో 2022లో, గుజరాత్‌లో 2023లో దాన్ని నాటొద్దని ప్రభుత్వాలు చెప్పాయి, పుప్పొడి ఎలర్జీ, పైపుల్లోకి వేళ్లు అని. ఎలర్జీ ఎంతవరకు నిజం అన్నదాని మీద శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు, ఉన్నవన్నీ నరికెయ్యడం కూడా తెలివైన పని అనుకోను. సోమాలియాలో అదే చెట్టు పశువులకి మేత, ఇంటికి బొగ్గు, కలప. అక్కడ దానికి పని ఉంది. మనం తెచ్చి గోడలా కత్తిరించి కాంపౌండ్ చుట్టూ నిలబెట్టాం, అంతే. తొందరగా పచ్చగా కనబడాలన్నది మన ఆత్రం, చెట్టుది కాదు. విశాఖలో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఏడాకుల పాల విపరీతంగా వేసి, అక్టోబరు నవంబరులో దాని ఘాటుకి తల పట్టుకున్నారు, అది మన దేశపు చెట్టే, ఒకప్పుడు దాని కర్రతో పలకలు చేసేవాళ్లు. మనదా పరాయిదా అన్నది కాదు, ఒకే చెట్టుని వీధంతా వరస పెట్టడమే అసలు తంటా.

అత్తయ్య చివరికి ఏం కొన్నారు అంటారా. గేటుకి అటూ ఇటూ పొడుగువే కొన్నారు, నేను ఎంత చెప్పినా "అశోకం కాకపోతే మానె, అందంగా ఉంది కదా" అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. నా పట్టుదల కొద్దీ పూల అశోకం ఒకటి, మోకాలెత్తుది, కొనిపించి పెరట్లో కొబ్బరి చెట్ల నీడలో పంపు నీళ్లు పారే చోట పెట్టాను, దానికి ఎండ కంటే తడి ఇష్టం. ఇప్పటికి మూడుసార్లు రాగి చిగుళ్లు వేసింది, మూడుసార్లూ మొక్క వాడిపోతోందని అత్తయ్య ఫోన్ చేశారు. మొన్న చవితి ముందు రోజు పొద్దున పక్కింటి పిల్లాడు గేటు దగ్గర నిలబడి "మామ్మగారూ, రెండు దేవదారు ఆకులు కోసుకోమంటారా" అని అడిగాడు. ఆవిడ నా వైపు ఓసారి చూసి, "కోసుకో నాన్నా, కింద కొమ్మవి కోసుకో" అన్నారు.